కుట్లు, అల్లికలు, ముగ్గుల పుస్తకాలను డిజిటల్‌గా అమ్మడం: రచయిత రాయల్టీకి లోటు రాకుండా చేయవలసిన పనులు

ముగ్గుల పుస్తకం, బ్లౌజ్ కటింగ్ పుస్తకం, మగ్గం వర్క్ డిజైన్ల పుస్తకం, క్రోషా అల్లికల పుస్తకం చదివి పక్కన పెట్టేసేవి కావు. పక్కన పెట్టుకుని పని చేసుకునేవి. కొన్నవారు అందులోని ఒక పేజీని అచ్చు తీసుకుంటారు, ట్రేసింగ్ కాగితం మీదికి ఎక్కించుకుంటారు, నచ్చితే చెల్లెలికో పక్కింటావిడకో చూపిస్తారు. ఈ స్వభావం వల్లే అవి డిజిటల్ రూపానికి చక్కగా సరిపోతాయి, ఈ స్వభావం వల్లే డబ్బు చెల్లించకుండా చేతులు మారడం కూడా సులువవుతుంది. నవల అయితే పుస్తకమంతా కావాలి. ముగ్గుకు ఒక్క స్క్రీన్‌షాట్ చాలు.

రచయితకు రావలసిన డబ్బు, అంటే రాయల్టీ, రెండు దారుల్లో పోతుంది. మొదటిది దొంగ కాపీ. రెండవది, నిజంగా అమ్ముడైన కాపీలకే సరైన లెక్క లేకపోవడం. మొదటి దాని గురించి అందరూ మాట్లాడతారు గాని, దానిని పూర్తిగా ఆపడం ఎవరి చేతిలోనూ లేదు. రెండవది పూర్తిగా ప్రచురణకర్త చేతిలో ఉంది. అందుకే ఈ వ్యాసంలో ఒప్పందానికి, లెక్కలకు ఎక్కువ చోటు ఇస్తున్నాను. చిన్న ప్రచురణ సంస్థలను, తమ పుస్తకాన్ని తామే అమ్ముకునే రచయితలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు హక్కు ఎవరిదో తేల్చుకోవాలి

తరతరాలుగా వాకిళ్లలో వేస్తున్న రథం ముగ్గుకు గాని, చిలకల ముగ్గుకు గాని, మామిడి పిందె బుటాకు గాని ఎవరూ యజమానులు కారు. వాటిని పుస్తకంలో వేసినంత మాత్రాన అవి రచయిత సొంతం కావు, మరొకరు వాటిని వేస్తే అభ్యంతరం చెప్పే వీలూ ఉండదు. అయితే ఆ సంప్రదాయ రూపాలను రచయిత తన చేత్తో గీసిన తీరు, వాటిని ఎంపిక చేసి సులువైన దాని నుంచి కష్టమైన దానికి అమర్చిన వరస, “15 చుక్కలు 3 వరుసలు, సందు చుక్క 9 వరకు” అని మొదలుపెట్టి రాసిన వివరణ, తీసిన ఫొటోలు, కొత్తగా ఊహించి కల్పించిన డిజైన్లు 1957 నాటి కాపీరైట్ చట్టం రక్షణలోకి వస్తాయి. రచయిత జీవితకాలం, ఆ తరువాత 60 సంవత్సరాలు ఆ హక్కు ఉంటుంది. పుస్తకంలో ఏది సంప్రదాయం, ఏది సొంత కల్పన అన్నది రచయిత చేత ముందే ఒక కాగితం మీద రాయించుకోవడం మంచిది. రేపు వివాదం వస్తే అసలు బలం సొంత కల్పనల దగ్గరే ఉంటుంది.

కాపీరైట్‌కు నమోదు తప్పనిసరి కాదు. గీసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది. అయినా రుజువుగా పనికివస్తుంది కాబట్టి ముఖ్యమైన పుస్తకాలను నమోదు చేయించడం నష్టం కాదు. సాహిత్య, కళాకృతులకు ఒక్కొక్క దానికి రుసుము 500 రూపాయలు, సరుకుల మీద వాడే కళాకృతి అయితే 2000 రూపాయలు.

మగ్గం వర్క్, అద్దకం, నేత డిజైన్ల విషయంలో ఇంకొక మెలిక ఉంది. డిజైన్ల చట్టం కింద నమోదుకు అర్హత ఉన్న డిజైనును అలా నమోదు చేయించకుండా, దానితో పారిశ్రామిక పద్ధతిలో 50 కంటే ఎక్కువ వస్తువులు తయారయితే, ఆ డిజైనులో కాపీరైట్ ముగిసిపోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి తన డిజైనును వస్త్ర తయారీదారుకు కూడా ఇవ్వాలనుకునే రచయిత, ముందుగా 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకోవాలి. ఆ రక్షణ 10 సంవత్సరాలు, పొడిగింపుతో మరో 5 సంవత్సరాలు ఉంటుంది. కొత్త డిజైను బయటి ప్రపంచం కంట పడకముందే నమోదు దరఖాస్తు వేయాలి గనుక, పుస్తకం విడుదలకు ముందే ఈ నిర్ణయం జరగాలి. పోచంపల్లి ఇకత్, శ్రీకాళహస్తి కలంకారీ వంటివి భౌగోళిక గుర్తింపు పొందిన పేర్లు. వాటిని పుస్తకం శీర్షికలో వాడేటప్పుడు, ఆ శైలిని వివరిస్తున్నామే తప్ప ఆ పేరుతో సరుకు అమ్మడం లేదన్న సంగతి స్పష్టంగా ఉండాలి.

ఒప్పందంలో ఉండవలసినవి

అచ్చు పుస్తకానికి పాత ఒప్పందం ఉన్నంత మాత్రాన డిజిటల్ హక్కు తనకే వచ్చిందని ప్రచురణకర్త అనుకోకూడదు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తరువాత, ఒప్పందం నాటికి లేని లేదా వాణిజ్య వాడుకలో లేని మాధ్యమానికి, దానిని ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, ఆ హక్కుల బదలాయింపు వర్తించదని చట్టం చెబుతోంది. ఇరవై ముప్పై ఏళ్ల కిందట “సర్వహక్కులు” అని ఒక్క మాటతో రాయించుకున్న కాగితాలు తెలుగు ప్రచురణ రంగంలో చాలా ఉన్నాయి. వాటిని పట్టుకుని పీడీఎఫ్ అమ్మకానికి దిగడం చట్టపరంగా ప్రమాదమన్న మాట అటుంచితే, రచయిత పట్ల న్యాయం కాదు. కొత్త కాగితం రాసుకోవాలి.

ఆ కాగితం లిఖితపూర్వకంగా, సంతకాలతో ఉండాలి. ఏ కృతి, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత రాయల్టీ అన్నవన్నీ అందులో ఉండాలి. కాలం రాయకపోతే 5 సంవత్సరాలని, ప్రాంతం రాయకపోతే భారతదేశమని చట్టం భావిస్తుంది. ఈ రెండవది మన పుస్తకాలకు చాలా ముఖ్యం. ధనుర్మాసం ముగ్గుల పుస్తకం కొనేవారు డాలస్‌లో, దుబాయిలో, సింగపూర్‌లో కూడా ఉంటారు. ప్రాంతం గురించి మౌనంగా ఉన్న ఒప్పందంతో వారికి అమ్మితే, ఆ అమ్మకానికి హక్కే ఉండదు. “ప్రపంచమంతటా” అని రాసుకుని, విదేశీ అమ్మకాల రాయల్టీ ఏ రోజు మారకపు ధరతో లెక్కిస్తారో కూడా చెప్పుకోవాలి.

హక్కులను శాశ్వతంగా బదలాయించుకోవడం కంటే, మూడేళ్లకో అయిదేళ్లకో ప్రత్యేక లైసెన్సు (ఆ కాలంలో మరొకరికి ఇవ్వని అనుమతి) తీసుకోవడమే ఇద్దరికీ మంచిదని నా గట్టి అభిప్రాయం. డిజిటల్ పుస్తకానికి “స్టాకు అయిపోయింది” అనే స్థితి ఉండదు. అచ్చు పుస్తకంలో ప్రతులు అయిపోయి, మళ్లీ వేయకపోతే హక్కులు తిరిగి రచయితకు వచ్చే ఏర్పాటు ఉండేది. పీడీఎఫ్ మాత్రం ఏడాదికి ఒక్క కాపీ అమ్ముడైనా అమ్మకంలో ఉన్నట్టే లెక్క. అందువల్ల హక్కులు తిరిగి వచ్చే షరతును అమ్మకాల సంఖ్యకు ముడిపెట్టాలి: వరుసగా రెండు సంవత్సరాలు ఇన్ని కాపీల కంటే తక్కువ అమ్ముడైతే, లేదా వరుసగా రెండు సార్లు లెక్కల పత్రం ఇవ్వకపోతే, రచయిత ఒక ఉత్తరంతో హక్కులు వెనక్కి తీసుకోవచ్చునని రాసుకోవాలి.

ఇంకా కొన్ని అంశాలను విడిగా, రచయిత స్పష్టమైన అనుమతితో రాయాలి. పుస్తకాన్ని విడి పేజీలుగా అమ్మడం, నాలుగు పుస్తకాలు కలిపి కట్టగా అమ్మడం, నెలవారీ చందా పథకాల్లో పెట్టడం, వీడియో పాఠాలకు ఆధారంగా వాడడం, ఇతర భాషల్లోకి మార్చడం, కృత్రిమ మేధ శిక్షణకు ఇవ్వడం దేనికదే వేరు హక్కు. ముగ్గుకు భాష అడ్డం కాదు కాబట్టి, చిన్న వివరణలు మారిస్తే చాలు, కన్నడ, తమిళ పాఠకులకు అదే పుస్తకం వెళ్లిపోతుంది. అందులో రచయిత వాటా ఎంతో ముందే తేలకపోతే తరువాత మాటామాటా పెరుగుతుంది. ఒకే పుస్తకంలో పలువురి డిజైన్లు ఉన్నప్పుడు, డిజైన్ల సంఖ్యను బట్టి పంచుకోవాలా పేజీలను బట్టి పంచుకోవాలా అన్నది అందరి సంతకాలతో తేల్చుకోవాలి. రచయిత తదనంతరం రాయల్టీ ఎవరి ఖాతాకు వెళ్లాలో కూడా అక్కడే రాయించండి. ఈ పుస్తకాలు రాసినవారిలో చాలామంది పెద్ద వయసు గృహిణులు. వారి పిల్లలకు ఇలాంటి హక్కు ఒకటి ఉందని కూడా తెలియకపోవచ్చు.

శాతం దేని మీద లెక్కిస్తారు

రాయల్టీ వివాదాల్లో సగం ఈ ఒక్క ప్రశ్న దగ్గరే పుడతాయి. అచ్చు పుస్తకానికి ధర మీద శాతం ఇవ్వడం అలవాటు. డిజిటల్‌లో ఎక్కువగా “నికర ఆదాయం” మీద ఇస్తారు, ఆ మాటకు అర్థం ఒప్పందంలో రాయకపోతే ప్రచురణకర్త తన ఖర్చులన్నీ అందులో కలిపే అవకాశం ఉంటుంది. అనుమతించదగిన తగ్గింపులు మూడే: జీఎస్‌టీ, చెల్లింపు సేవల రుసుము, ఇతర వేదికల మీద అమ్మితే వాటి కమీషన్. ప్రకటనల ఖర్చు, వెబ్‌సైటు నిర్వహణ, డీటీపీ (పేజీల కూర్పు) ఖర్చు ప్రచురణకర్త వాటాలో నుంచే పోవాలి.

ఉదాహరణకు పీడీఎఫ్ ధర 200 రూపాయలు అనుకుందాం, అందులోనే 5 శాతం జీఎస్‌టీ కలిసి ఉంది. పన్ను తీసివేస్తే 190 రూపాయల 48 పైసలు. సొంత వెబ్‌సైటులో అమ్మితే, చెల్లింపు రుసుము 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్‌టీ కలిపి 4 రూపాయల 72 పైసలు పోగా 185 రూపాయల 76 పైసలు మిగులుతాయి. రచయితకు 40 శాతం అంటే 74 రూపాయల 30 పైసలు. అదే పుస్తకాన్ని పన్ను పోను మిగిలిన దానిలో 40 శాతం కమీషన్ తీసుకునే వేదిక మీద అమ్మితే చేతికి వచ్చేది 114 రూపాయల 29 పైసలు, రచయితకు 45 రూపాయల 71 పైసలు. శాతం మారలేదు, డబ్బు మాత్రం చాలా మారింది. కొత్త పుస్తకాన్ని మొదట కొన్ని వారాలు సొంత వెబ్‌సైటులోనే అమ్మమని నేను సలహా ఇచ్చేది ఇందుకే.

ఎంత శాతం న్యాయం అన్నదానికి ఒకే జవాబు లేదు. అమెరికాలో పెద్ద ప్రచురణ సంస్థలు చాలా కాలంగా ఈ-పుస్తకాల నికర ఆదాయంలో 25 శాతం ఇస్తూ వచ్చాయి, అక్కడి రచయితల సంఘం సగం కావాలని వాదిస్తూ వచ్చింది. డిజైన్ల పుస్తకాల్లో రచయిత బొమ్మ గీయడమే కాక కొలతలు సరిచూసి, నమూనా కుట్టి, ఫొటో తీసి ఇస్తారు. కాగితం, బైండింగ్, రవాణా ఖర్చులు లేని చోట 40 శాతం కంటే తక్కువ ఇవ్వడానికి ప్రచురణకర్త దగ్గర మంచి కారణం ఉండాలి.

తగ్గింపు ధరలకు ఒక అడుగు గీత పెట్టాలి. ఆ గీత కంటే తక్కువకు అమ్మాలంటే రచయిత అనుమతి కావాలి, ఉచిత కాపీలకు సంఖ్య నిర్ణయించాలి. సంక్రాంతి ఆఫర్ పేరుతో 200 రూపాయల పుస్తకాన్ని 20 రూపాయలకు ఇచ్చి, ఆ ప్రచారంతో వేరే సరుకు అమ్ముకుంటే నష్టపోయేది రచయిత ఒక్కరే.

పన్నుల సంగతి క్లుప్తంగా చెబుతాను. అచ్చు పుస్తకానికి జీఎస్‌టీ లేదు. అచ్చు రూపం కూడా ఉన్న పుస్తకపు ఈ-బుక్‌కు 2018 జూలై నుంచి 5 శాతం. అచ్చు రూపమే లేని డిజిటల్ సరుకుకు ఆ రాయితీ రాదు, 18 శాతం పడుతుంది. కొద్ది ప్రతులైనా అచ్చు వేయడానికి ఇది ఒక కారణం. రాయల్టీ మీద టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే ఆదాయపు పన్ను) 10 శాతం, 2025 ఏప్రిల్ నుంచి ఆర్థిక సంవత్సరంలో 50 వేల రూపాయలు దాటినప్పుడు వర్తిస్తుంది. కోత కోసినప్పుడు దాని ధ్రువపత్రం రచయితకు ఇవ్వడం మరవకూడదు. మిగతాది మీ ఆడిటరును అడగండి.

ఫైలు తయారీ

పాత పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో ఉంటాయి. వాటి నుంచి నేరుగా పీడీఎఫ్ తీస్తే చూడడానికి బాగానే ఉంటుంది గాని, అందులో “మెలిక ముగ్గు” అని వెతికితే దొరకదు. అక్షరాలను యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ గుర్తించే అక్షర పద్ధతిలోకి) మార్చి, ఫాంటును ఫైలులో పొదగాలి. మండలి, రామభద్ర, సూరన్న వంటి స్వేచ్ఛా లైసెన్సు ఫాంట్లు వాడితే ఫాంటు హక్కుల ఇబ్బంది ఉండదు. స్కాన్ చేసిన గీతలను ఇంక్‌స్కేప్ వంటి ఉచిత సాధనంతో వెక్టర్ రూపంలోకి మారిస్తే, ఎంత పెద్దగా చేసినా గీత చెదరదు, ఫైలు పరిమాణమూ తగ్గుతుంది.

బ్లౌజ్ కటింగ్, కుట్టుపని నమూనాల్లో మొదటి పేజీలోనే 5 సెంటీమీటర్ల చదరాన్ని గీసి, “దీన్ని స్కేలుతో కొలిచి చూసుకున్నాకే మిగతా పేజీలు ప్రింట్ చేయండి” అని రాయాలి. ప్రింటరులో “ఫిట్ టు పేజ్” ఎంపిక ఉంటే కొలత తగ్గిపోతుంది, బట్ట పాడవుతుంది, కొన్నవారు డబ్బు వెనక్కి అడుగుతారు. ప్రతి రీఫండు రచయిత రాయల్టీలో నుంచి కూడా పోతుంది కాబట్టి, ఈ చిన్న చదరం కూడా రాయల్టీ రక్షణే. ఎ4 పేజీలను అతికించుకునే గుర్తులతో ఒక ఫైలు, జెరాక్స్ షాపులో పెద్ద కాగితం మీద తీయించుకోవడానికి ఎ0 ఫైలు ఇవ్వడం మర్యాద.

అచ్చు ప్రతికి, ఈ-పుస్తకానికి వేర్వేరు ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) తీసుకోండి. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ వాటిని ఉచితంగా ఇస్తుంది. ఏ రూపం ఎంత అమ్ముడైందో లెక్కల్లో కలగాపులగం కాకుండా ఉంటుంది.

తాళమా, ముద్రా

ప్రింట్ తీయడానికి వీల్లేకుండా పాస్‌వర్డు పెట్టిన పీడీఎఫ్ ఈ రకం పుస్తకానికి పనికిరాదు. ప్రింట్ తీసుకోవడం కోసమే కొన్న మనిషికి అది అడ్డమవుతుంది, దొంగిలించాలనుకున్నవారు మాత్రం దానిని తేలికగా విప్పేస్తారు. దానికంటే మేలైనది కొనుగోలుదారు ముద్ర: ప్రతి పేజీ అడుగున, డిజైను గీతల మీద పడకుండా, కొన్నవారి పేరు, ఆర్డరు సంఖ్య కనిపించేలా అచ్చు వేయడం. తన పేరున్న ఫైలును వాట్సాప్ గ్రూపులో పడేయడానికి చాలామంది సంకోచిస్తారు. పూర్తి ఫోను నంబరు, చిరునామా మాత్రం వేయకండి. అది వారి వ్యక్తిగత సమాచారం.

ఆ ముద్ర పక్కనే రచయిత పేరు, హక్కుదారు పేరు, వాడుక షరతులు ఒక వరసలో తప్పక ఉండాలి. దీనికి చట్టపరమైన కారణం ఉంది. హక్కుల నిర్వహణ సమాచారాన్ని తెలిసి తొలగించడం కాపీరైట్ చట్టం 65బి సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం. అయితే ఆ సమాచారానికి చట్టం ఇచ్చిన నిర్వచనంలో కృతి పేరు, రచయిత పేరు, యజమాని వివరాలు, షరతులు ఉన్నాయి గాని, వాడుకరిని గుర్తించే ఏర్పాటును అందులో నుంచి మినహాయించారు. కొన్నవారి పేరు మాత్రమే వేస్తే ఈ సెక్షన్ బలం మీకు దక్కదు. రెండూ కలిసి ఉండాలి.

షరతులు సూటిగా రాయండి. సొంత పనికి ఎన్ని ప్రింట్లయినా తీసుకోవచ్చు; ఈ డిజైనుతో స్వయంగా కుట్టిన బ్లౌజును అమ్ముకోవచ్చు; ఫైలును గాని పేజీని గాని ఇతరులకు పంపకూడదు; మగ్గం వర్క్ శిక్షణ కేంద్రంలో వాడాలంటే విద్యార్థికి ఒక లైసెన్సు చొప్పున తీసుకోవాలి. టైలరమ్మకు బతుకుతెరువైన పనిని నిషేధించే షరతు పెడితే దానిని ఎవరూ పాటించరు, మిగతా షరతులకు కూడా విలువ పోతుంది.

ఫైలును ఈమెయిలుకు జత చేసి పంపడం, అందరికీ తెరుచుకునే డ్రైవ్ లింకు ఇవ్వడం వద్దు. ప్రతి కొనుగోలుకు విడి లింకు, దానికి గడువు, డౌన్‌లోడ్‌ల పరిమితి ఉండాలి. ఫోను పోయిందనో మారిందనో కొన్నవారు మళ్లీ అడిగితే విసుక్కోకుండా ఇవ్వాలి.

లెక్కల పత్రం

మూడు నెలలకు ఒకసారి, అమ్మకం ఒక్కటి కూడా లేకపోయినా, రచయితకు లెక్కల పత్రం వెళ్లాలి. అందులో సొంత వెబ్‌సైటులో ఎన్ని కాపీలు, ఒక్కొక్క వేదిక మీద ఎన్ని, ఏ ధరకు, ఎన్ని రీఫండ్లు, ఎన్ని ఉచిత ప్రతులు, కట్టగా అమ్మినప్పుడు ఈ పుస్తకం వాటా ఎంత అన్నవి విడివిడిగా కనిపించాలి. కట్టలో వాటాను విడి ధరల నిష్పత్తిలో పంచాలి: 200, 100 రూపాయల పుస్తకాలు కలిపి 240కి అమ్మితే, మొదటిదానికి 160, రెండవదానికి 80. ముద్రలో వేసిన ఆర్డరు సంఖ్యలే ఈ పత్రంలోనూ ఉంటే, రచయిత ఎప్పుడైనా సరిచూసుకోవచ్చు. ఏడాదికి ఒకసారి మూల లెక్కలు చూసే హక్కు ఉండాలి. తేడా 5 శాతం మించితే ఆ తనిఖీ ఖర్చు ప్రచురణకర్తే భరించాలని రాసుకోవాలి.

రచయిత డబ్బును వ్యాపార ఖాతాలో కలిపి ఉంచితే, అవసరం వచ్చినప్పుడు అదే ముందు ఖర్చయిపోతుంది. ధనుర్మాసంలో వచ్చిన ముగ్గుల పుస్తకం డబ్బు వేసవిలో కాగితం కొనుగోలుకు వెళ్లిపోవడం ఈ రంగంలో కొత్త కాదు. రాయల్టీకి వేరే బ్యాంకు ఖాతా తెరిచి ప్రతి వారం మళ్లించడం, లేదా అమ్మకం జరిగినప్పుడే రచయిత వాటాను నేరుగా ఆమె ఖాతాకు విభజించే చెల్లింపు సేవను వాడడం దీనికి మందు.

దొంగ కాపీ కనిపించినప్పుడు

ముందు రుజువులు భద్రపరచండి: లింకు, తేదీ కనిపించే స్క్రీన్‌షాట్లు, ఆ ఫైలు కాపీ, అందులో ముద్ర మిగిలి ఉంటే ఆర్డరు సంఖ్య. తెలియక పంచినవారైతే ఒక మర్యాదైన సందేశం చాలాసార్లు సరిపోతుంది. యూట్యూబ్, టెలిగ్రామ్ వంటి వేదికలకు వాటి ఫిర్యాదు పద్ధతులు ఉన్నాయి. అవి చాలకపోతే కాపీరైట్ నియమావళి 75వ నియమం కింద, హక్కు రుజువుతో, లింకుతో వేదికకు నోటీసు ఇవ్వవచ్చు; వారు 36 గంటల్లో చర్య తీసుకుని 21 రోజుల పాటు దానిని అందుబాటులో లేకుండా చేయాలి. ఆ 21 రోజుల్లో మీరు కోర్టు ఉత్తర్వు తీసుకురాకపోతే వారు మళ్లీ తెరవవచ్చు కాబట్టి, కోర్టుకు వెళ్లే ఉద్దేశం ఉన్నప్పుడే ఈ నోటీసు ఇవ్వాలి. 2022లో ఒక కోచింగ్ అధ్యాపకురాలి పాఠాల కేసులో, వాటిని పంచిన టెలిగ్రామ్ చానళ్ల నిర్వాహకుల వివరాలు ఇవ్వమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. పేరు దాచుకుంటే దొరకమన్న ధీమా ఇప్పుడు పూర్తిగా చెల్లదు.

ఈ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, నష్టపరిహారం వస్తే ఎలా పంచుకోవాలి అన్నది ఒప్పందంలోనే ఉండాలి. ఖర్చులు పోను సగం సగం అనుకోవడం సమంజసం.

వేటినైతే ఎక్కువగా దొంగిలిస్తున్నారో ఆ పేజీలను విడిగా అమ్మకానికి పెట్టి చూడండి. ఒక్క పెళ్లి బ్లౌజు డిజైను కోసం పుస్తకమంతా కొనలేనివారు 15, 20 రూపాయలకు ఆ ఒక్కటి దొరికితే కొంటారు. చిన్న మొత్తాల్లో చెల్లింపు రుసుము పెద్ద వాటా తినకుండా యూపీఐ ద్వారా తీసుకోవాలి. విడి పేజీకి కూడా పుస్తకానికిచ్చే శాతమే ఇచ్చి, లెక్కల పత్రంలో ఏ డిజైను ఎన్నిసార్లు అమ్ముడైందో చూపితే, తరువాతి పుస్తకంలో ఏ రకం డిజైన్లు గీయాలో రచయితకు తెలుస్తుంది.